తాతల నాటి లప్పం

నిర్మల్‌లో బొమ్మలు అమ్మేవాడెవడూ తన సరుకు కొత్తదని చెప్పడు. కొత్తదంటే బేరం పక్క కొట్టుకు పోతుంది. "మా తాతల నాటి పని" అనాలి. పెండ్లాం పోయాక పర్శరాములు మాట్లాడే నాలుగు మాటల్లో అదొకటి.

బొమ్మల ముక్కలు అతికించే చింతగింజల లప్పాన్ని పలుచన చేసి, సున్నపు తేట, వేపనూనె కలిపి మందమర్రిలో ఒక బొగ్గు లారీ మీద చల్లాడతను. పైన పొర కట్టింది. లారీ కదిలినా దుమ్ము లేవలేదు. వానకు కరగలేదు. పాత లప్పమైతే తడి తగిలితే చాలు, జారిపోతుంది. అది కరగకుండా ఉండటానికే అతనూ కూతురు సృజనా రెండు వానాకాలాలు కుండలు మాడబెట్టారు.

లారీల కాంట్రాక్టరు రాజం అది చూశాడు. చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వాడి చేతిలో పడకముందే హక్కు రావాలని తండ్రీకూతుళ్లు కరీంనగర్‌లో పేటెంటు పనులు చూసే సాద్ దగ్గరికి పోయారు.

"మామూలు వరుసల నిలబడితే ఏండ్లు పడ్తది కాకా," అన్నాడు సాద్.

"దుమ్ము తగ్గించే మందుకు గూడ వరుసేనా?" అన్నాడు పర్శరాములు.

"దుమ్ముకు వేరే వరుస లేదు. ఆడోళ్ల పేరుకుంది. సృజన పేరు గూడ పెడ్దాం, ముందటేసి చూస్తరు. గని ముందుగాల మన తయారీ అంత పేటెంటు ఆఫీసు పత్రికల అందరికి కనబడేటట్టు బయట పెట్టాలె."

"గదేంది? తాళమెయ్యుమంటే తలుపు తెరుస్తనంటవ్?"

"హక్కొచ్చినంక ఎవడు ముట్టుకున్నా కేసే. ఫికర్ చెయ్యకు."

దరఖాస్తు పెట్టారు, తయారీ బయట పెట్టారు. తొందరగానే పిలుపొచ్చింది. సాద్ ఆఫీసులో ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెరమీది అధికారి మర్యాదగానే అడిగాడు.

"లప్పం ఎప్పటినుంచో ఉంది కదండీ. ఇందులో కొత్తగా ఏముంది?"

సాద్ నోరు తెరిచేలోపే పర్శరాములు నిటారుగా కూర్చున్నాడు.

"కొత్తదేం కాదు సార్. అచ్చం మా తాతల నాటిదే. గ్యారంటీ."

సృజన తల పట్టుకుంది. "బాపూ, వాన సంగతి చెప్పు!"

చెప్పాడు. సాద్ కూడా చెప్పాడు, తర్వాత రాసి పంపాడు. లాభం లేకపోయింది. తాతల నాటి విద్యకు పేటెంటు లేదని, ఆ మాట దరఖాస్తుదారే ఒప్పుకున్నాడని కొట్టేశారు.

ఆ కబురు చెప్పడానికి సాద్ వాళ్లను మళ్లీ పిలిపించాడు. "హైకోర్టుకు పోవచ్చు కాకా. టైం పడ్తది."

"కాదనేటందుకేనా ఇంత ఉరికిచ్చిండ్రు?" అని లేచాడు పర్శరాములు.

తిరుగు బస్సు జగిత్యాలలో ఆగినప్పుడు ఫోన్ మోగింది. రాజం.

"అన్నా, నీ మందు మంచిగుందే. నువ్వు బయట పెట్టినట్టే కలిపినం. గని పిచికారీ మూతి మాటిమాటికి మూసుకపోతుంది. ఏం జెయ్యాలె?"

పాత ధోవతి గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. ఇంట్లో రోజూ చేసే పనే కదా అని దాన్ని ఎవరూ రాయించలేదు.

సృజనకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. మెల్లగా అంది: "చెప్పు బాపూ. దుమ్మన్న తగ్గుతది. గా బొగ్గు లారీల రోడ్డు పొంటి పిల్లలు దగ్గి సస్తుండ్రు."

పర్శరాములు కూతురి మొహం చూడలేదు.

"మూసుకపోనియ్," అని ఫోన్ పెట్టేశాడు.