నా ఓణీల ఫంక్షన్ క్యాసెట్

మా మేనమామ పాండు చేతికి కెమెరా ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలి. 2003లో పెన్‌పహాడ్‌లో నా ఓణీల ఫంక్షన్ అయితే, కోదాడలో ఎవరో దోస్తును అడిగి హ్యాండీక్యామ్ తెచ్చాడు. వీడియో మొత్తం ఆయనే తీశాడు. ఆ ఏడే మా అమ్మ సైదమ్మ కడుపులో గడ్డతో చనిపోయింది. అమ్మ నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న బొమ్మ ఇంకెక్కడా లేదు. కెమెరా వెనక్కి పోయింది, చిన్న క్యాసెట్ బీరువాలో ఉండిపోయింది.

ఏడేళ్లకు, సూర్యాపేటలో ఒక స్టూడియో వాళ్లు అలాంటివి డీవీడీలో ఎక్కిస్తారని తెలిసి నేను, మామ బయలుదేరాం. "సైదమ్మ అగుపడ్తదంటే నేను గూడ వస్త" అని మా నాయిన నాగయ్య వెంటబడ్డాడు.

నాయినకూ నాకూ మాటలు అంతంతమాత్రమే. గొర్ల వెంట తిరుగుతూ పెళ్లాన్ని దవాఖానకు తీసుకుపోలేదని మామ ఆయన ముఖం మీదే అనేవాడు. నేనూ అదే నమ్మాను. ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు. తప్పు లేనివాడైతే నోరు విప్పడా?

స్టూడియో సతీష్ క్యాసెట్ కెమెరాలో పెట్టి, వైరు కంప్యూటర్‌కు తగిలించాడు.

"క్యాసెట్ ఎంతసేపుంటే అంతసేపు ఆడాలె అక్కా. కూసోండ్రి."

తెర మీద నేల కనిపించింది. తరువాత మామ చెప్పులు, కుర్చీ కాళ్లు, ఎంగిలి విస్తరాకులు. పూలజడతో నా తల ఒక్క క్షణం మెరిసి పోయింది. మళ్లీ నేల.

"ఇదేంది మామా? అమ్మేది?"

"ఎర్ర బుగ్గ ఎలిగితే బందైనట్టు అనుకున్న గదనే!"

కెమెరా మీద ఆ ఎర్ర లైటు వెలిగితేనే రికార్డయ్యేది. అంటే ఫంక్షన్ తీసినంతసేపూ కెమెరా బంద్. ఆపాననుకుని చేతిలో వేలాడేసుకున్నప్పుడు మాత్రం రికార్డయింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! మా అమ్మ మొకం ఒక్కసారన్న లేకపాయె!" అని ఏడ్చాను.

సతీష్ ఆపబోతుండగా తెర మీద గోడ వచ్చింది. ఆ రోజు మామ కెమెరాను ఏ లోపలి అర్రలోనో పెట్టినట్టున్నాడు. స్పీకర్లో అమ్మ గొంతు!

"గొర్లమ్ముడేందయ్యా! పట్నం తీస్కపోయినా లాభం లేదని డాక్టర్ అననే అనె."

"అంటె అననీ. రేపే పోదాం పా, నీ కాల్మొక్కుత." అది నాయిన ఏడుపు.

"పిల్ల ఎంత సంబురంగున్నదో సూడు. ఎవ్వరికి చెప్పకు. పాండుగానికి అసలే చెప్పకు, ఆగమైతడు. పిల్ల మీద ఒట్టు. నేనున్నా, పోయినా నీ నోటెంట ఈ మాట రావొద్దు. వచ్చిందా, పిల్లకే తగుల్తది."

అమ్మకు తెలుసు! నాకు ఓణీ కట్టి, హారతిచ్చి, నవ్విన రోజు అమ్మకు అన్నీ తెలుసు! మామ గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. "బావా..." అన్నాడు.

నేను నాయిన వైపు తిరిగాను. ఆయన గబగబా వచ్చి, చేతిని నా నెత్తి మీద గట్టిగా పెట్టాడు.

"నేను చెప్పలే" అన్నాడు, ఒకసారి మామను, ఒకసారి సతీష్‌ను చూస్తూ. "మీరు సూసిండ్రు గదా, నేను ఒక్క మాట చెప్పలే. గా కెమెరా డబ్బనే చెప్పింది. నా బిడ్డకేం గాదు గదా?"