రెండో వైపు ఆఖరి పాట

నేను ఒక ఎల్పీ రికార్డును. పాడటానికే పుట్టాను. కానీ చివరికి ఒక మనిషిని చెడగొట్టానన్న పేరు మిగిలింది. ఆ పేరు నాకు అంటగట్టిన వాళ్ళంతా భక్తిపరులు, కాబట్టి నా మాట ఎవరూ వినలేదు. మీరైనా వినండి.

కలకత్తా దగ్గర ఒక కర్మాగారంలో నల్లటి ప్లాస్టిక్ ముద్దను రెండు వేడి అచ్చుల మధ్య అప్పడంలా నొక్కితే నేను తయారయ్యాను. నాలోని పాటలు మాత్రం సముద్రం అవతలివి. పత్తి చేలలో నడుములు విరిగిన నల్లవాళ్ళ బ్లూస్, కొండపల్లెల తెల్లవాళ్ళ కంట్రీ, నల్లవాళ్ళ చర్చీల గాస్పెల్. ఈ మూడింటినీ కలిపి, కరెంటు గిటార్లతో దంచి, ఐదుగురు జులపాల కుర్రాళ్ళు రాక్ అన్నారు. అట్ట మీద ఆ ఐదుగురూ ఒక పాత ఇంటి మెట్ల మీద కూర్చుని, అంత దుఃఖమూ తామే పడ్డట్టు ముఖాలు పెట్టారు. రెండో వైపు ఆఖరి పాట యేసును పిలిచే పాట. అది పాడింది ఒక నల్ల స్త్రీ. ఆమె పేరు అట్ట మీద ఎక్కడా లేదు.

1974లో సికింద్రాబాదులో నన్ను కొన్నవాడు దయారత్నం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. ఆదివారం పొద్దున చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. శనివారం సాయంత్రం టోపీ, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, డానీ అనే పేరుతో ఒక క్లబ్బులో గిటారు వాయిస్తాడు. సంఘపెద్దలకు దయారత్నం తెలుసు, డానీ తెలియడు. రెండు వైపులుండటం తప్పని నేననను, నాకూ ఉన్నాయి. కాకపోతే నావి ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు.

ఆ రోజుల్లో గిటారు పాట నేర్చుకోవడమంటే రికార్డును చంపడమే. ముల్లు దించాలి, రెండు క్షణాలు వినాలి, ఎత్తాలి, వాయించి చూసుకోవాలి, మళ్ళీ అక్కడే దించాలి. ముల్లు జారకుండా, అది బిగించి ఉన్న గ్రామఫోను చేతి మీద దయారత్నం ఒక రూపాయి బిళ్ళ కూడా పెట్టేవాడు. ఆఖరి పాట మొదట్లో వచ్చే గిటారు ముక్క అతనికి నెల రోజులకు గానీ పట్టుబడలేదు. ఆ నెలలో అక్కడ నా గాడి అరిగి తెగిపోయింది. ముల్లు అక్కడికి రాగానే వెనక్కి గెంతి, అదే ముక్కను మళ్ళీ పలికేది. అతను చిటికెన వేలితో ముల్లును కాస్త ముందుకు నెట్టేవాడు, అది గాడి దాటేది, ఆ స్త్రీ గొంతు వచ్చేది. ఇంట్లో అలా వందసార్లు నెట్టి ఉంటాడు.

గిటారు కుదిరింది, ఇక గొంతు కావాలి. చర్చి కోయిర్‌లో, అంటే పాటల బృందంలో, కృపావతి ఉంది. రైల్వే ఆసుపత్రిలో ఆయా. భర్త పోయాడు, పిల్లలు లేరు. కోయిర్‌లో ముందు వరస మధ్య చోటు ఆమెది. ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ చోటు ఒక్కటే. దయారత్నం ఆమెను ఇంటికి పిలిచి నన్ను వినిపించాడు.

“అన్నా, ఇంగ్లీషు నాకు రాదు గని, ఈ ఏడుపు నాకెర్కే,” అంది. “పట్టాల పని కాడ మా నాయిన గిట్లనే యేసయ్యను పిలుస్తుండె.”

మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడింది. అబద్ధమెందుకు, నాలో ఉన్న గొంతు కంటే ఆమెదే బాగుంది. నాకు కుళ్ళు పుట్టింది.

“క్లబ్బుల పాడితే తప్పు కాదా అన్నా?”

“యేసయ్య పాటనే గద చెల్లె, యాడ పాడితే ఏంది? ఎవలన్న అడిగితే నేను చెప్త.”

మూడు శనివారాలు పాడింది. ఆ క్లబ్బు వాచ్‌మన్‌దీ అదే చర్చి. టోపీ, కళ్ళద్దాల డానీని పోల్చుకోలేదు గానీ, ఆమెను పోల్చుకుని పెద్దల చెవిన వేశాడు. అలాంటి తప్పు చేసినవాళ్ళు సంఘం ముందు నిలబడి పాపం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కోయిర్ లేదు, ప్రభు భోజనం రొట్టె కూడా అందదు. కృపావతి ఒప్పుకోనంది. “పాట వినుండ్రి. అండ్ల పాపముంటె సూపెట్టుండ్రి,” అంది.

సరే విందామన్నారు. గ్రామఫోను దయారత్నం ఇంట్లోనే ఉంది కనుక తెమ్మన్నారు. నేనూ దానితోపాటే వెళ్ళాను. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలంతా కూర్చున్నారు. వాళ్ళలో ముఖ్యుడు యోబు మాస్టారు, ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనాయన. ఆయన నన్ను వేళ్ళ కొసలతో పట్టుకుని, “ఈ రికార్డు ఎవరిది?” అన్నారు. దయారత్నం నేల చూశాడు.

“నాదే సార్,” అంది కృపావతి. గ్రామఫోను లేని ఆయాకు ఎల్పీ రికార్డు ఎక్కడిదని ఒక్కరికీ తోచలేదు.

ఆఖరి పాట మీద ముల్లు దించారు. గిటారు మోగింది. గాడి తెగిన చోట ముల్లు వెనక్కి గెంతింది. మళ్ళీ గిటారు, మళ్ళీ గెంతు. పదిసార్లు పెద్దలకు వినపడింది ఆ క్లబ్బు గిటారే. దయారత్నం పక్కనే నిలబడ్డాడు. కృపావతి అతని చిటికెన వేలి వైపే చూస్తోంది. కానీ ముల్లును నెడితే, ఈ రికార్డు కిటుకు నీకెలా తెలుసని అడుగుతారు. అడిగితే డానీ బయటపడతాడు, ఆర్గన్ పోతుంది. అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“దీన్ల దేవుడెక్కడున్నడమ్మా?” అన్నారు యోబు మాస్టారు.

కృపావతి లేచింది. నేను చిక్కుకున్న చోటునుంచి అందుకుని, నా గిటారు ముక్క వెనకాల గెంతుతుండగానే రెండు చరణాలు పాడింది. యేసు పేరు మూడుసార్లు వచ్చింది. యోబు మాస్టారికి మాటలు అర్థమయ్యాయి, ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను. అయినా పెద్దరికం పెద్దరికమే కదా.

“గింత మంచిగ నేర్పి క్లబ్బుకు తోల్కపోయినోడు ఎవడు? వాని పేరు చెప్పు. నిన్ను కోయిర్‌ల ఉంచుతం.”

ఆమె దయారత్నం వైపు తిరిగింది. అతను వంగి, ముల్లు ఎత్తి, దాని మీది దుమ్ము ఊదుతున్నాడు.

“ఎవలు నేర్పలె సార్. ఆ రికార్డు విని నేర్సుకున్న.”

ఆమెను కోయిర్ నుంచి తీసేశారు. చెడగొట్టిన నేరం నాకు పడింది. ఆమెదే అన్నారు కనుక నన్ను ఆమె చేతికే ఇచ్చి పంపారు. ఆ మరుసటి ఆదివారం దయారత్నం ఆర్గన్ చక్కగా వాయించాడట. కొన్నేళ్ళకు సంఘపెద్ద కూడా అయ్యాడు. ప్రతి క్రిస్మస్‌కూ ఆమెకు కేకు పంపేవాడు. ఆమె దాన్ని విప్పకుండా పక్కింటి పిల్లలకు ఇచ్చేసేది. నాకు కోపం చల్లారలేదు. ఆమె మాత్రం తనకు కోపం ఉందో లేదో కూడా నాకు తెలియనివ్వలేదు.

కృపావతి నన్ను బియ్యం డబ్బా మీద మూతగా పెట్టింది. ఇరవై రెండేళ్ళు ఎలుకల నుంచి బియ్యం కాపాడాను. ఆదివారం చర్చి గంట మోగగానే ఆమె కిరసనాయిలు స్టవ్‌కు పంపు కొట్టడం మొదలుపెట్టేది. కోయిర్ పాట ముగిసేదాకా ఆ స్టవ్ భగ్గుమని అరుస్తూనే ఉండేది. వంట చేస్తూ ఒక్క రాగమైనా తీయలేదు.

ఇప్పుడు నేను ఉన్నది ఒక తుక్కు కొట్టు వెనక, తుప్పు రేకుల కింద. ఆమె ఉద్యోగం విరమించి రైల్వే క్వార్టర్ ఖాళీ చేసిన రోజు ఇక్కడికి చేరాను. పాత సామాన్లు కొనేవాడు నన్ను డబ్బా మీంచి తీసి, బియ్యప్పిండి తుడిచి, ఎండలో పెట్టి చూశాడు.

“గిది పాటల రికార్డు గదమ్మా. మీ ఇంట్ల ఎవలు పాడ్తరు?”

“మా ఇంట్ల ఎవలు పాడరు బిడ్డా,” అంది కృపావతి. “తీస్కపో.”