రంగు పోయిన నీళ్లు

విజయ పెరట్లో కుండ మూత తీసి, గ్లాసెడు రంగునీళ్లు పోసి, వేపపుల్లతో మెల్లగా కలుపుతోంది. అడుగున నల్లటి బురద కదిలి, తడిమట్టి వాసన లేచింది.

“పొద్దుగాల్నే బురదకు బువ్వ పెడుతున్నవా? నాకు చాయ్ లేదు గని” అన్నాడు ఆమె భర్త రవీందర్ గడపలో నిలబడి.

“నీకు చేతులున్నయ్. దానికి లెవ్వు.”

అతను నవ్వి, చొక్కా సవరించుకొని షెడ్డుకు పోయాడు. సూపర్‌వైజర్ అయినప్పటి నుంచి తెల్లచొక్కాలే వేస్తున్నాడు. నూలుకు రంగులద్దే షెడ్డులో తెల్లచొక్కా వేసేది తొట్టిలో చెయ్యి పెట్టనివాడే.

రుద్రంగి పోయే తొవ్వలో ఆ డైయింగ్ షెడ్డు ఉంది. దాని కిందనే వాడ, వాడకు ఒకటే బావి. బావినీళ్లు నీలంగా మారిన ఏడాది, ఆడవాళ్లు షెడ్డు గేటు ముందు టెంటు వేసుకొని కూర్చున్నారు. వాళ్లను లేపడానికి పోలీసు వ్యాను వస్తే, దాని ముందు అడ్డంగా పడుకున్నవాడు రవీందర్. అప్పుడతను మాసిన బనీనులో ఉన్నాడు.

కోరుట్ల కాలేజీలో చదువు చెప్పే సృజన ఆ టెంటులో కూర్చొనే విడమరిచి చెప్పింది.

“నూలుకు రంగు సమంగ ఎక్కాలని ఒక మందు కలుపుతరు గదా అవ్వా, గది రాగిని గట్టిగ పట్టుకుంటది. ఎంత సున్నం పోసినా రాగి అడుగుకు దిగదు, నీళ్లతోనే మీ బాయిలకు పోతది. కంటికి కనవడని సూక్ష్మజీవులు కొన్ని ఆ మందును తింటయ్. అప్పుడు పట్టు ఇడుస్తది. రాగి అడుగున పడ్తది.”

“జల్ది తింటయా?” అడిగింది శంకరవ్వ.

“లేదవ్వా, నిమ్మళంగ. తొందర వెడితే కొట్టుకపోతయ్.”

“అయితే మా ముసలాయన సొంటియే.”

టెంటంతా నవ్వింది. చివరికి షెడ్డు యజమాని సేటు, రంగునీళ్లు నిలిచి ఆ జీవులు తినేందుకు ఒక పెద్ద హౌజు కట్టించక తప్పలేదు. ఆడవాళ్లే ఆ జీవులున్న మురుగు మోరీ అడుగు బురద తట్టలతో మోసి అందులో పోశారు. పెరుగు చేసినప్పుడు రేపటి తోడుకు కొంచెం తీసిపెట్టినట్టే, విజయ ఆ బురదలో ఒక కుండెడు ఇంటికి తెచ్చుకుంది. ఎవరూ చెప్పలేదు. చేతికున్న అలవాటు. ఆ సంగతి రవీందర్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

పోయినవారం హౌజు నుంచి నీళ్లు తేటగా వచ్చాయి. వాడ చప్పట్లు కొట్టింది. రంగు దిగిందా లేదా అని జన్మంతా కంటితోనే తేల్చినవాళ్లు, రంగు పోతే విషం పోయిందనుకున్నారు. రవీందర్ మెడలో దండ వేశారు. ఆ దండ గుచ్చింది విజయే.

ఈ పొద్దు సృజన నీళ్లు పరీక్ష చేయడానికి వచ్చింది. హౌజు దగ్గర తడిమట్టి వాసన లేదు. ముక్కు మండుతోంది. బురద పాలిపోయి ఉంది.

“బ్లీచింగ్ పోసిండ్రు” అంది సృజన. “రంగు సచ్చింది. రాగి అట్లనే ఉంది. దాన్ని ఇడిపించే జీవులు సచ్చినయ్.”

గేటు దగ్గర జనం పోగయ్యారు. “ఎవల్రా గీ పని చేసింది?” శంకరవ్వ గొంతుకు మగవాళ్లు నేల చూశారు. బ్లీచింగ్ తొట్టి దగ్గర పనిచేసే లస్మయ్య ముందుకొచ్చాడు.

“పోసింది నేనే, అవ్వా. పొయ్యమన్నది రవీందరన్న. మన మనిషే చెప్తుండు గదా అని పోసిన.”

“పోస్తే ఏమైంది?” అన్నాడు రవీందర్. “రెండు షిఫ్టుల నీళ్లు గా హౌజుల ఆగుతయా? గవి తినేదాక సేటు ఆగుతడా? షెడ్డు జగిత్యాలకు మారుస్తనంటుండు. గప్పుడు అందరం ఏం తింటం?”

“ఆ బాయినీళ్లు తాగినంక తినుడెందుకు కొడుకా?” అంది శంకరవ్వ.

లస్మయ్య అతని కళ్లలోకి చూశాడు. “రెండో హౌజు కట్టుమని ఎందుకడగలే అన్నా? అడిగితే మేం నీ ఎనుక రాకపోదుమా?”

రవీందర్ కాలరు సర్దుకున్నాడు. అందరూ విజయ వైపు చూశారు. ఆమె హౌజు వైపు చూస్తోంది.

అక్కడికక్కడే తీర్మానం అయింది. లస్మయ్య పోయి షెడ్డు నీళ్లు బయటికి వదిలే వాల్వు కట్టేశాడు. పనోళ్లు ఒక్కొక్కరే తొట్టెలు విడిచి బయటికి వచ్చి ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు. రెండో హౌజు కట్టాలి, పాతది మళ్లీ బతకాలి, అప్పటిదాకా చుక్క కదలదు.

“బతికున్న బురద గావాలె” అంది సృజన దిగులుగా. “మోరీల గుడ బ్లీచింగే పారింది. ఏడికెళ్లి తెస్తం?”

విజయ లేచి ఇంటికి నడిచింది. వెనకే రవీందర్ వచ్చాడు.

“కుండ సంగతి చెప్పినవా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“చెప్పకు. పారబొయ్యి. హౌజు మళ్ల నడిస్తే సేటు నన్ను ఉంచడు. విజయా, నేనెవ్వలి కోసం చేసిన? నీకు గుడ సమజైతలేదా?”

విజయ కుండకు తడిబట్ట కట్టి, చంకకెత్తుకుంది. అతను గడపకు అడ్డంగా నిలబడ్డాడు. గేటు దగ్గర నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. కుండ అంచు నుంచి నల్లని బురద కారుతోంది. ఆమె ఆగలేదు.

మరక పడుతుందని రవీందర్ చొక్కా వెనక్కి లాక్కొని పక్కకు జరిగాడు.

విజయ గడప దాటింది.