అమ్మనని చెప్పలేక

లారీ పన్నెండు లక్షల కిలోమీటర్లు దాటిన వారానికే, బావమరిది ఒక కొనేవాడిని వెంటబెట్టుకుని డ్రైవరు షెడ్డుకు వచ్చాడు.

"మంచి బేరం బావా. ముసలిదైపోయింది, ఇప్పుడే వదిలించుకో" అన్నాడు.

అమ్మనని ముఖం మీద చెప్పడానికి డ్రైవరుకు మొహమాటం అడ్డొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఎవరినీ పల్లెత్తు మాట అననివ్వని బండికి తనే వంకలు పెట్టడం మొదలుపెట్టాడు.

"పొగ కక్కుతుందండీ. గేర్లు మొండికేస్తాయి. ఎత్తు కనబడితే చాలు, ఏడుపే."

కొనేవాడు తాళం తిప్పాడు. ఒక్క దగ్గు కూడా లేకుండా ఇంజను అందుకుంది. అతను బండి కిందికి దూరి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"గ్రీజు పెట్టని చోటు లేదు. ఇలాగే చూసుకుంటే ఇంకో నాలుగైదు లక్షలు తేలిగ్గా తిరుగుతుంది. దీని మీద ఇన్ని చాడీలు ఎందుకు చెబుతున్నారండీ?"

డ్రైవరు తల దించుకున్నాడు. టీ తెచ్చిన భార్య ఫక్కున నవ్వింది.

"అమ్మడం ఇష్టం లేదండీ ఈయనకి. ఆ మాట చెప్పలేక ఈ తిప్పలు. ఇన్నేళ్లలో నా వంటకి కూడా ఇన్ని వంకలు పెట్టలేదు!"

కొనేవాడూ నవ్వేశాడు. "పోనీ, నా బండి ఏడు లక్షల కిలోమీటర్లకే మూలుగుతోంది. ఏం చేయాలో చెప్పండి" అన్నాడు.

డ్రైవరుకు ప్రాణం లేచొచ్చింది. ఇంజను ఆయిలుతో మొదలుపెట్టి బ్రేకుల దాకా వచ్చేసరికి టీలు చల్లారిపోయాయి. బావమరిది మాత్రం టైరుకు ఆనుకుని హాయిగా గురక పెడుతున్నాడు.