ఇరవై నిమిషాల నీళ్ళు

"కాలిన వెంటనే నీళ్ళు పోశారా? ఎంతసేపు?" అని ఆస్పత్రిలో సిస్టరు అడగగానే కోడలు బెదిరిపోయింది. ఎందుకంటే పక్కనే అత్త ఉంది. పొద్దున స్నానానికి మరగబెట్టిన నీళ్ళగిన్నె దించబోయి ఆవిడ కొడుకు ఒంటిమీద కుమ్మరించుకున్నప్పటినుంచీ ఆవిడ నోరు మూతపడలేదు. ప్రాణం పోతుంటే ఆస్పత్రికి పరుగెత్తాల్సింది పోయి, మొగుణ్ణి కొళాయి కింద కూర్చోబెట్టి తాపీగా నీళ్ళు పట్టిందట! తను పళ్ళపేస్టు రాయబోతే లాక్కుని అవతల పారేసిందట! ఆటోలో వస్తున్నంతసేపూ ఇదే పాట.

"లేదండీ, వెంటనే తీసుకొచ్చేశాం" అంది కోడలు నేలచూపులు చూస్తూ.

శుద్ధ అబద్ధం. ఏం చేస్తుంది పాపం! ఆమె పనిచేసే లాండ్రీలో ఆవిరి తగిలి ఎవరి చెయ్యి కాలినా, మేస్త్రి గోడగడియారం చూపించి, పెద్దముల్లు నాలుగంకెలు దాటేదాకా కొళాయి దగ్గర్నుంచి కదలనివ్వడు. ఆ అలవాటే ఇవాళ అలా చేయించింది. కానీ ఇప్పుడు కాలింది ఒక్క చెయ్యి కాదు. ఛాతీ, రెండు చేతులూ. తన మొండితనమే ఆయన్ని పొట్టన పెట్టుకుంటే?

సిస్టరు రాయడం ఆపింది. "చూడమ్మా, ఇరవై శాతం కాలింది. చిన్న వయసు, పొగ పీల్చలేదు, అంతవరకూ నయమే. ఎంత లోతుకు దిగిందో డాక్టరుగారు తేల్చాలి. నిజం చెప్పు. నీ చీర ఇంకా తడిగానే ఉంది."

కోడలు భోరుమంది. "ఇరవై నిమిషాలు పోశానండీ. తర్వాత ఉతికిన దుప్పటి చుట్టాను. నావల్లే ఆలస్యమైంది!"

"ఆలస్యమేంటి తల్లీ? బంగారంలాంటి పని చేశావు. అందుకే చాలాచోట్ల పైతోలుతో ఆగినట్టుంది. ఈ మూడురోజులూ గడవాలి గానీ, నాకైతే ఆశ ఉంది." కాగితంమీద రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్త మళ్ళీ తిట్టలేదు. బల్లమీద కూలబడింది.

"నా చిన్నదానికి అప్పుడు మూడేళ్ళే. మరిగే పాలు మీద పడ్డాయి. పేస్టు రాసి, ఎత్తుకుని పరుగెత్తాను. నీళ్ళు పోసుంటే బతికేదంటావా?"

ఆ ఇంట్లో ఒకప్పుడు ఓ ఆడపిల్ల ఉండేదని కోడలికి ఇవాళే తెలిసింది.

"అంత చిన్న ఒంటికి ఏం చేసినా ఆగేది కాదత్తయ్యా" అంది.

ఇవాళ్టికిది రెండో అబద్ధం. ఈసారి అత్త కళ్ళలోకి చూసే చెప్పింది.