పోలిరాజు కంట్లో ఖాళీ

పెళ్లయి రెండు నెలలైనా ఆశకి ఇంకా ప్రతిదీ పండగే. మల్కాపురంలోని ఆ రెండు గదుల ఇంట్లో కుక్కర్ కూత పెట్టినా, గుమ్మం దగ్గర బావ చెప్పులు తన చెప్పుల మీదికెక్కి కూర్చున్నా నవ్వొచ్చేది. బావ అంటే మొగుడే. సొంత మేనత్త గురువమ్మ కొడుకు పోలిరాజు, పోర్టులో క్రేన్ నడుపుతాడు. మర్నాడు అతనికి కంటి పరీక్ష. నెగ్గితే కొత్తగా వచ్చిన పెద్ద క్రేన్ ఎక్కిస్తారు. తేడా వస్తే ఉన్న క్రేన్ నుంచి కూడా దింపేస్తారు.

జువాలజీ చదివిన పెళ్లాం ఊరుకుంటుందా? ఆ సాయంత్రం బీరువా తలుపు మీద జానెడు ఎడంగా రెండు బొట్టుబిళ్లలు అతికించింది.

"ఎడం కన్ను మూసి, ఎడం పక్క బిళ్లనే సూడు బావా. సూపు తిప్పకుండా మెల్లగా ముందుకి రా."

రెండు మూరల దూరానికి వచ్చేసరికి పోలిరాజు కొయ్యబారిపోయాడు.

"కుడి పక్కది ఏదే? తీసేసావేటి?"

ఆశ చప్పట్లు కొట్టింది. "కంటి వెనక తెరంతా నాడీకణాలే బావా! మెదడు బయట కాపురం పెట్టిన మెదడనుకో. అవి సూసింది లోపలికి పంపాలి కదా? వాటి తీగలన్నీ కట్టగట్టుకుని ఒక్క చోటు నుంచే బయటికి పోతాయి. ఆ చోట వెలుగుని పట్టే కణం ఒక్కటీ ఉండదు. మనకి తెలీకుండా మెదడు ఆ ఖాళీకి పక్క రంగే పూసేస్తుంది. అందరికీ ఇంతే!"

పోలిరాజు చెవులు 'ఒక్కటీ ఉండదు' దగ్గరే ఆగిపోయాయి. మంచం మీద కూలబడి, "అమ్మా! నా కంట్లో బొక్కుందే!" అని కేకేశాడు.

గురువమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "మా ఇంటా వంటా నేదీ రోగం. నీ పెళ్లాం పుట్టింటి నుంచే వొచ్చుంటది."

"నా పుట్టిల్లంటే నీ పుట్టిల్లే కదత్తా!"

గురువమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మీ మావ వైపుది," అని పోయిన మొగుడి మీదికి తోసేసింది. ఆశ పట్టుబట్టి ఆవిడ చేతా చూపించింది. ఆవిడకీ బిళ్ల మాయమైంది.

"ఈ బిళ్లల్లోనే ఏదో ఉంది," అని తేల్చేసి, కొడుకు చెవిలో గట్టిగానే చెప్పింది. "డాక్టరుకి సెప్పకు. ఎవులికి తెలుస్తాది?"

"కింద మనుషులుంటారమ్మా. బొక్క కన్నెట్టుకుని అంత బరువు ఎలా దించీది? సెప్పేత్తాను."

అంత భయంలోనూ అలా అన్న బావ ఆశకి ముద్దొచ్చాడు. మరుక్షణం, బొక్కుందని తనే ఒప్పుకుంటే అక్కడ సరిగా వినకుండానే ఫెయిలని రాసేస్తారేమోనని దిగులేసింది. ఉన్నమాట చెప్పి మొగుడి ఉద్యోగం ఊడగొట్టిన పెళ్లాం తనే అవుతుందేమో! అందరికీ ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు లేరు. రెండు నెలల కోడలి మాట ఎవరు వింటారు?

మర్నాడు మధ్యాహ్నం పోలిరాజు వీధి చివర నుంచే అరుచుకుంటూ వచ్చాడు.

"పాసయ్యానే! పెద్ద క్రేన్ నాదే!"

"మరి ఆ సంగతి సెప్పావా?"

"ముందదే సెప్పాను. డాక్టరుగారు ఎంత నవ్వారనుకున్నావ్! అది అందరికీ ఉంటదంట. ఆయనక్కూడా ఉందంట! ఒక కంటికి కనబడని సోటు రెండో కన్ను సూసేత్తదంట." పోలిరాజు గొంతు తగ్గించాడు. "నీకూ ఉంటది. భయపడకు."

గురువమ్మ అప్పటికే గోడ అవతలున్న పక్కింటి చిట్టమ్మతో చెబుతోంది, తన కొడుకువీ డాక్టరుగారివీ ఒకే రకం కళ్లని.

ఆశ నాలుక చివరి దాకా ఓ మాట వచ్చింది. కానీ బావ అప్పుడే చేతులు తిప్పుతూ తీగలు ఎటు పోతాయో చూపించడం మొదలుపెట్టాడు, అదీ పూర్తిగా తప్పు దిక్కుకి. ఎంత బాగున్నాడో!

"నాకు సరిగ్గా అర్థం కాలేదు బావా," అంది ఆశ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. "మళ్లీ సెప్పు."