మంచు వెనక ఊరు

నేను చుట్టగా చుట్టి దాచే ఒక బొమ్మను. చైనా పట్టు మీద నల్ల సిరాతో గీసిన కొండలు, వాటి మధ్య ఒక జలపాతం, దాని ఎదుట దేవదారు కింద కూర్చుని ప్రకృతిని ధ్యానిస్తున్న ఒక పండితుడు. ఇదీ నా ఒళ్లు. ఆ పండితుడు మూడువందల ఏళ్లుగా ధ్యానిస్తూనే ఉన్నాడు. ఏం తేల్చాడని మాత్రం నన్నడగకండి.

నన్ను గీసిన మెంగ్ గారు తననే అలా గీసుకున్నారు. నిజానికి ఆయన జన్మలో కొండెక్కిన పాపాన పోలేదు. చలిగాలి తగులుతుందని పెరటి తలుపు కూడా మూయించేవారు. పాత బొమ్మలు చూసి కొండలు దించారు. ఆయన భార్య సూయిన్ మాత్రం కొండల్లో పుట్టిన మనిషి. పెళ్లయ్యాక మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు.

బొమ్మ పూర్తి కావస్తుంటే ఆవిడ వచ్చి చూసింది.

"ఏమండీ, జలపాతం పైన మా ఊరుండాలి కదా?"

"మీ ఊరెలా ఉంటుందో నాకు తెలీదే."

"తెలీకపోతే గీయకండి. అక్కడ మంచు పట్టిందనుకుంటాను. మా ఊరు దాని వెనకుంటుంది. చెట్టూ పుట్టా ఏమీ పెట్టకండి అక్కడ."

ఆయన మొట్టమొదటిసారి భార్య మాట విన్నారు. అరచేయంత చోటు ఖాళీగా వదిలారు. బతికినన్నాళ్లూ ఆవిడ సాయంత్రం వేళ నన్ను గోడకు వేలాడదీసి ఆ ఖాళీ ముందు కూర్చునేది. ఇన్నేళ్లలో నా ఎదుట నిజంగా కొండను చూసింది ఆవిడొక్కతే.

తర్వాత పండితుల చేతుల్లో పడ్డాను. వాళ్లకో ఆచారం ఉంది. బొమ్మ ఎవరి చేతికొస్తే వాళ్లు దాని మీద ఎర్ర ముద్ర వేస్తారు, వీలైతే పద్యం రాస్తారు. బొమ్మకు అది గౌరవమట. ఒకాయన ఆకాశం మీద ముద్ర వేశాడు, సరిగా పడలేదని పక్కనే ఇంకోటి వేశాడు. మరొకాయన లోకంతో తనకింక పని లేదని రాసి, కింద తన బిరుదులన్నీ వరసగా రాసుకున్నాడు. అయినా ఆ అరచేయంత మంచు మిగిలే ఉంది. చేతులు మారిన ప్రతిసారీ దాని కోసమే భయపడేదాన్ని.

చివరికి ఫాన్ అనే పండితుడి ఇల్లు చేరాను. ఆయన రోజూ ఆ ఖాళీనే చూసేవాడు. కళ్లు చెమర్చేవి. ఈయనకైనా అర్థమైందని మురిసిపోయాను. నా బుద్ధికి నాకే సిగ్గేస్తుంది ఇప్పటికీ. ఒక ఉదయం మిత్రులను పిలిచాడు.

"ఇంత గొప్ప శూన్యం నేనెక్కడా చూడలేదయ్యా. దీన్నెవరూ ముట్టుకోకూడదు" అన్నాడు.

మిత్రులు తలలూపారు. ఆయన కుంచె సిరాలో ముంచి, ఆ మాటనే పద్యం చేసి ఆ ఖాళీలో రాశాడు. చోటు చాలక చివరి పాదంలో అక్షరాలు చిన్నవి చేశాడు. ఇంకా మిగిలిన కాస్త చోట ముద్ర వేశాడు.

ఇప్పుడు మ్యూజియంలో అద్దం వెనక ఉన్నాను. గైడు ఆ పద్యం చదివి అర్థం చెబుతాడు. వచ్చినవాళ్లు ఆహా అంటారు. ఆ సిరా కింద సూయిన్ ఊరుందని చెప్పడానికి నాకు నోరు లేదు. దేవదారు కింద పండితుడు మాత్రం తల పైకెత్తి ఇంకా ధ్యానిస్తూనే ఉన్నాడు, ఫాన్ గారి దస్తూరిని.